మోకు మనిషి అంగీ

తన ఛాతీ మీద కత్తితో ఒక గాటు పెట్టమని అడగడానికి గురువు దగ్గరికి వచ్చాడు కొర్లయ్య.

మిట్టమధ్యాహ్నం. గురువు దానయ్య పాక ముందు ఇసకలో కాళ్ళు చాపుకుని కొబ్బరి పీచు పేనుతున్నాడు. పడవల చెక్కల్ని కుట్టే తాడు అది. శిష్యుడు చెప్పినదంతా విని, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎక్కడ పెట్టాలి?"

"ఇక్కడ." కొర్లయ్య రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. "ఈపు మీద గాయానికి సరిగ్గా ఎదర. బాణం ముందు నుంచి దిగి ఎనక్కి వొచ్చిందని సెప్పుకుంతాను."

"అక్కడ దిగి ఎనక్కి వస్తే ఇలాగ నిలబడి అడగడానికి నువ్వుండవురా. కాస్త పైకి జరుపు. భుజం కిందకి. అబద్ధమైనా బతికినోడి అబద్ధంలాగుండాల."

కొర్లయ్య వేలు పైకి జరిపాడు.

ఇంతలో అతని వెనకే పరిగెత్తుకుంటూ అసిరమ్మ వచ్చింది. కొర్లయ్య పెళ్ళాం. ఎండు చేపల తట్ట ఇంకా నెత్తి మీదే ఉంది. రొప్పుతూ తట్ట దింపింది.

"గురువయ్యా, ఆ కత్తి ఈయనకియ్యకు. నాకియ్యి. ఎల్లి ఆ దళవాయి నాలిక కోసుకొస్తాను. రొమ్ము కోసుకుని మగాడనిపించుకుంతాడంట! ఇన్నాళ్ళూ నేనెవరితో కాపరం సేసినట్టు?"

"నువ్వూరుకో," అన్నాడు కొర్లయ్య.

"ఊరుకోను. ఊరుకుంటే రేపు ఊరే ఉండదు మనకి."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. వాళ్ళు ఓడదండు వాళ్ళు.

రేవుకోట రాజుల దగ్గర రెండు దండులుండేవి. ఒకటి కోటదండు, రెండోది ఓడదండు. రేవు నుంచి సరుకు ఓడలు తూర్పు దీవులకి వెళ్ళేటప్పుడు దారిలో దొంగలు మీద పడేవారు. ఓడ నడిపేవాళ్ళకి తెరచాప వదిలి కత్తి పట్టే తీరిక ఉండదు. పోనీ కోట సైనికుల్ని ఎక్కిద్దామా అంటే, వాళ్ళు మొదటి కెరటానికే కక్కుకుని, బల్లేలు ఊతగా పట్టుకుని కూలబడేవారు. అప్పుడు పాతకాలపు రాజు ఒకాయన జాలరి పల్లెల్లోంచి కుర్రాళ్ళని ఏరి, గరిడిలో కత్తీ బల్లెం నేర్పించి ఓడలెక్కించాడు. ఓడ మీద కాపలా వాళ్ళది. దొంగల ఓడకి కొక్కేలు విసిరి దాని మీదకి దూకడం వాళ్ళది. రేవూ గీవూ లేని ఒడ్డున చిన్న పడవల్లో దిగి, పని ముగించుకుని, మళ్ళీ కెరటం దాటి రావడం కూడా వాళ్ళదే.

ఇంత చేసినా వాళ్ళకి దక్కిన బిరుదులు రెండు. కోటదండు వాళ్ళు 'తడిగోచీలు' అనేవారు. ఓడ నడిపేవాళ్ళు 'ఉప్పుమూటలు' అనేవారు, అన్నం తినే బరువు తప్ప మరేమీ కాదని. నేలా వాళ్ళది కాదు, నీళ్ళూ వాళ్ళవి కావు. దొంగల తెరచాప కనబడిందంటే మాత్రం అందరి నోటా ఒకటే కేక, ఉప్పుమూటలేరీ అని.

ఒడ్డున దిగే ప్రతి పడవకీ ఒక మోకు మనిషి ఉంటాడు. మిగతావాళ్ళు బల్లేలు పట్టుకుని ఒడ్డుకి పరిగెడితే, ఇతను పడవకి కట్టిన మోకుని నడుముకి చుట్టుకుని నడుము లోతు నీళ్ళలో నిలబడతాడు. పడవ ముక్కు ఎప్పుడూ సముద్రం వైపే ఉండాలి. అడ్డం తిరిగిందా, ఒక్క కెరటం చాలు, చెక్కలు ఊడిపోతాయి, దిగినవాళ్ళంతా శత్రువు ఒడ్డునే చస్తారు. అందుకని కెరటం వచ్చినప్పుడు మోకు వదలాలి, పోయినప్పుడు లాగాలి. కళ్ళు కెరటం మీదే ఉండాలి. యుద్ధం వీపు వెనక జరుగుతుంది.

వెనక ఏం వినబడ్డా మోకు మనిషి తిరగడు. అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు కూడా, పొరపాటున తిరుగుతాడని. తిరిగొచ్చేవాళ్ళు ఒక్కొక్కళ్ళూ అతని భుజం తాకి పడవెక్కుతారు. ఆఖరున వచ్చేవాడు భుజం తాకడు, వీపు మీద అరచెయ్యి వేస్తాడు. ఆ చెయ్యి పడ్డాకే మోకు మనిషి వెనక్కి తిరుగుతాడు. పడవ కదులుతుంది.

కొర్లయ్య దండులో అందరికన్నా బాగా బల్లెం విసిరేవాడు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు. అలాంటివాడి చేతికి గురువు కిందటిసారి మోకు ఇచ్చాడు. "మరి నా బల్లెం?" అని అడిగితే, "గోడకి చేరేసి రా," అన్నాడు. కొర్లయ్య రెండు పూటలు అన్నం తినలేదు. అయినా వెళ్ళి నిలబడ్డాడు. వీపులో బాణం దిగింది. తిరగలేదు. దిగినవాళ్ళంతా తిరిగొచ్చారు.

ఆ గాయం ఇంకా పూర్తిగా మానకముందే కొత్త దళవాయి వచ్చాడు.

దళవాయి మల్లప్ప కొండకోటల వైపు మనిషి. గుర్రాల మీద, ఏనుగుల మీద యుద్ధాలు చేసినవాడు. ధైర్యవంతుడే, కాదని ఎవరూ అనలేదు. ఆయన రాగానే చాటింపు వేయించాడు. రేపు పొద్దున్న ఓడదండు అంతా ఒడ్డున నిలబడాలి. ఛాతీ మీద గాయమున్నవాడికి వెండి కడియం. వీపు మీద గాయమున్నవాడు పారిపోయినవాడు కనక, దండువాడి గుర్తైన నడికట్టుని అందరి ముందూ తెంపి, పెళ్ళాంబిడ్డలతో సహా దండువీధి నుంచి వెళ్ళగొడతారు. కొండల్లో అదే ఆచారం. అక్కడ శత్రువు ఎప్పుడూ ఎదుటే ఉంటాడు మరి.

"ఈ గాయం నువ్విచ్చిందే గురువా," అన్నాడు కొర్లయ్య. "బల్లెం నా సేతిలో ఉండుంటే నాకూ రొమ్ము మీదే తగిలీది. మోకు నువ్విచ్చినావు. ఇప్పుడు ఈ గాటూ నువ్వే పెట్టాల."

దానయ్య పీచు పక్కన పెట్టాడు. లేచి లోపలికి వెళ్ళి కత్తి తెచ్చాడు. రాయి మీద నీళ్ళు చిలకరించి నింపాదిగా నూరాడు. అసిరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"అంగీ ఇప్పనా?" అన్నాడు కొర్లయ్య.

"వొద్దు. అటు తిరుగు."

కొర్లయ్య తిరిగాడు. పళ్ళు బిగించాడు. చర్రుమని చప్పుడైంది. నొప్పి మాత్రం తెలియలేదు. వీపుకి సముద్రపు గాలి చల్లగా తగిలింది.

గురువు అంగీ వెనక గుడ్డని గాయం చుట్టూ గుండ్రంగా కోసేశాడు. కోసిన ముక్క ఇసకలో పడింది.

"అయ్యో! నా సీర గుడ్డది!" అంది అసిరమ్మ. "దూది పెట్టి నేను కుట్టినాను!"

"ఏటి సేసినావు గురువా?"

"గాటు పెట్టమన్నావు. పెట్టినాను." దానయ్య మళ్ళీ కూర్చుని పీచు అందుకున్నాడు. "రేపు ఇదే ఏసుకునిరా."

*

మర్నాడు పొద్దున్న ఓడదండు ఒడ్డున వరసగా నిలబడింది. పక్కనే పడవలు సిద్ధంగా ఉన్నాయి. గాయాల పని కాగానే ముసలిదిబ్బ మీదకి వెళ్ళాలి. అక్కడ ఏటి మూతి దగ్గర దొంగలు కంచె కట్టుకుని, పట్టుకుపోయిన జాలర్లని అందులో పెట్టారు. ఈసారి దండుని తానే నడిపిస్తానన్నాడు దళవాయి.

దళవాయి గుర్రం మీద వచ్చాడు. గిట్టలు ఇసకలో దిగబడి గుర్రం విసుక్కుంది. ఆయన దిగి ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చాడు. ఛాతీలు చూశాడు. కొందరికి కడియాలిచ్చాడు. కొర్లయ్య ముందుకి వచ్చేసరికి, ఎవరూ చెప్పకుండానే కొర్లయ్య వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

చిరిగిన అంగీలోంచి గాయం కనబడుతోంది. అసిరమ్మ పొద్దున్నే పసుపు దట్టంగా పట్టించింది. దూరం నుంచి కూడా కనబడాలని కాబోలు.

"ఏమిటిది?" అన్నాడు దళవాయి. "దాచుకోవలసినదానికి కిటికీ పెట్టుకుని వచ్చావా?"

"అవునండి."

"సిగ్గు లేదూ?"

"నేదండి."

"పారిపోయావు. ఆ పైన సిగ్గు కూడా లేదంటున్నావు."

"తగిలినప్పుడు నేను తిరగనేదండి. ఇప్పుడు తిరిగినాను, మీరు సూడ్డానికి."

వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. దళవాయి మొహం ఎర్రబడింది. "వీడి నడికట్టు తెంపండి," అన్నాడు.

అప్పుడు దానయ్య నడుచుకుంటూ వచ్చాడు. దండులో ఆయన పడవెక్కే పని ఎప్పుడో అయిపోయింది, వరసలో నిలబడనక్కర్లేదు. అయినా వచ్చి కొర్లయ్య పక్కన, దళవాయికి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. పాత అంగీ వేసుకున్నాడు. దానికీ వెనక గుడ్డ లేదు. ఆ వీపు మీద గాయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పాత వలకి వేసిన మాట్లలా ఉన్నాయి.

దళవాయి దగ్గరికొచ్చి ఆ వీపుని చూశాడు. తరవాత అన్నాడు, "నువ్వూ పారిపోయావా ముసలాడా? ఇన్నిసార్లా?"

"పారిపోడానికి నడుముకి మోకుండీది బాబూ. ఇప్పితే పడవ పోద్ది."

"నాకు కథలు చెప్పకు. వీపు మీద గాయం వీపు మీద గాయమే. ఊఁ, తెంపండి. పడవలెక్కండి."

ఎవరూ ఎక్కలేదు. కొర్లయ్య పడవలో దిగవలసినవాడు ఒకడు బల్లెం పక్కన పెట్టి ఇసకలో కూర్చున్నాడు. అతని పక్కవాడూ కూర్చున్నాడు. ఇందాక కడియం తొడిగించుకున్నవాడు దాన్ని తీసి బల్లెం పక్కన పెట్టి మరీ కూర్చున్నాడు.

"ఏమిటిది? తిరుగుబాటా?"

"కాదండి. మోకు ఎవరు పడతారని సూస్తన్నాం," అన్నాడు మొదట కూర్చున్నవాడు.

"తాడు పట్టడానికి మనిషే దొరకడా? ఎవడైనా పడతాడు."

"అయితే ఆ ఎవడో ఒచ్చేదాకా కూకుంతామండి."

దళవాయి తెలివితక్కువవాడేం కాదు. ఆటుపోటు తనకోసం ఆగదని అప్పటికే ఎవరో చెప్పి ఉన్నారు. చేత్తో మీసం సవరించుకున్నాడు.

"సరే. పట్టనీ వీణ్ణే. తిరిగి రాగానే నా చేత్తో నేనే తెంపుతాను."

"అలాగే బాబూ," అన్నాడు దానయ్య, ఇంకా సముద్రం వైపే చూస్తూ. "తిరిగొచ్చినాకే తెంపండి. ఒక్క మాట. ఆఖరున వచ్చినోడు ఈడి ఈపు మీద సెయ్యెయ్యాల. సెయ్యి పడకపోతే ఈడు తిరగడు. పడవ కదల్దు."

దళవాయి నవ్వాడు. "ఆఖరున వచ్చేవాడి గోల నాకెందుకు? నేను మొదట దిగేవాణ్ణి."

"మొదట దిగినోడే దూరం ఎల్తాడు బాబూ," అన్నాడు గురువు.

*

ముసలిదిబ్బ దగ్గర కెరటం పెద్దది. పడవ ఇసకకి ఆనగానే దళవాయి అందరికన్నా ముందు దూకాడు. అబద్ధం చెప్పకూడదు, సింహంలా దూకాడు. కత్తి ఎత్తి కంచె వైపు పరిగెత్తాడు. మిగతావాళ్ళు వెనకాల పరిగెత్తారు.

కొర్లయ్య నడుముకి మోకు చుట్టుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇక ఆ తరవాత జరిగిందేమీ అతను చూడలేదు. విన్నాడు. కంచె విరిగిన చప్పుడు విన్నాడు. తమ పల్లె మాటలు విన్నాడు, చెరలో ఉన్నవాళ్ళు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. తరవాత దిబ్బ అవతల నుంచి కొత్త కేకలు వినబడ్డాయి. దొంగలు అటు కూడా ఉన్నారు. బాణాలు నీళ్ళలో టుప్పు టుప్పుమని పడ్డాయి. అంగీకి గుడ్డ లేనిచోట వీపు చలికి వణికింది. చలికేనని తనకి తాను చెప్పుకున్నాడు.

కెరటం వచ్చింది, వదిలాడు. పోయింది, లాగాడు.

భుజం మీద ఒక చెయ్యి తగిలింది. ఒకడు ఎక్కాడు. ఇంకో చెయ్యి తగిలింది. ఒక ముసలి చెయ్యి, చెరలోంచి వచ్చినవాడిది. ఒక చంటిపిల్ల చెయ్యి, తల్లి పట్టుకుని తాకించింది. చేతులు వచ్చాయి, ఆ తరవాత ఆగిపోయాయి. పడవ బరువెక్కి మోకు నడుములోకి దిగింది.

వీపు మీద మాత్రం చెయ్యి పడలేదు.

"అందరం ఎక్కీసినాం," అంది పడవలోంచి ఒక గొంతు.

కొర్లయ్య కదలలేదు.

పడవలోవాళ్ళకి ఒడ్డు కనబడుతోంది. దళవాయి చాలా దూరం వెళ్ళాడు. ఇప్పుడు ఇనప కవచంతో ఇసకలో కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. పడ్డాడు. లేచాడు. వెనక దొంగలున్నారు.

"ఇంకెవరూ నేరు," అంది ఇంకో గొంతు, నెమ్మదిగా. "ఉన్నోడు మనోడు కాడు. ఆణ్ణొగ్గీసి ఎక్కు."

కెరటం వచ్చింది, వదిలాడు. పోయింది, లాగాడు.

"ఎవడి కోసం నిలబడ్డావో ఎరికేనా నీకు? నీ నడికట్టు తెంపుతానన్నోడి కోసం! పెళ్ళాన్ని వీధిలోకి గెంటుతానన్నోడి కోసం! రా, ఎక్కు!"

కొర్లయ్యకి ఎరికే. ఒక్క అడుగు ముందుకేస్తే చాలు. ఎవరూ తప్పు పట్టరు. సముద్రం ఎవరికీ సాక్ష్యం చెప్పదు. రేపు పొద్దున్న నడికట్టు నడుముకే ఉంటుంది, అసిరమ్మ తన ఇంట్లోనే ఉంటుంది.

"ఆఖరి సెయ్యి పడనేదు," అన్నాడు.

అంతే. ఒక బాణం చెవి పక్కనుంచి పోయింది. కెరటాన్నే చూస్తూ నిలబడ్డాడు.

నీళ్ళలో ఎవరో పడుతూ లేస్తూ వస్తున్న చప్పుడు వినిపించింది. ఎగశ్వాస. ఇనుము రాసుకున్న చప్పుడు.

వీపు మీద, గుడ్డ లేనిచోట, సరిగ్గా గాయం మీద ఒక అరచెయ్యి పడింది. పడి, తీయకుండా, అక్కడే ఉండిపోయింది.

కొర్లయ్య అప్పుడు తిరిగాడు.

*

పడవలు రేవు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒడ్డంతా జనం. చెరలోంచి వచ్చినవాళ్ళని చుట్టుకుని ఏడుపులు, నవ్వులు. ఆ సందట్లో దళవాయి పడవ దిగి, ఎవరి వైపూ చూడకుండా గుర్రం వైపు నడవబోయాడు.

అసిరమ్మ దారికి అడ్డం వచ్చింది. చేతిలో చేపలు కోసే కత్తిపీట ఉంది.

"దళవాయి బాబూ! తిరిగి రాగానే నడికట్టు తెంపుతానన్నారు. కత్తి మరిసిపోయినారేమోనని తెచ్చినాను. పదునుగానే ఉన్నాది."

ఎవరూ నవ్వలేదు. దళవాయి ఆమె వైపు చూశాడు. కొర్లయ్య నడుము వైపు చూశాడు. మోకు ఒరుసుకుపోయి నడికట్టు చుట్టూ రక్తం కారుతోంది. ఆయన తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అందులో పసుపు అంటుకుని ఉంది.

ఆ చెయ్యి మూసుకుని, గుర్రాన్ని కళ్ళెం పట్టి నడిపించుకుంటూ, ఇసకలో కాలినడకన వెళ్ళిపోయాడు.

"పొండి, పొండి," అంది అసిరమ్మ వెనకనుంచి. "కత్తి ఎప్పుడు కావాలన్నా కబురెట్టండి. మా ఇల్లు దండువీధిలోనే!"

గురువు పాక ముందు కూర్చుని పీచు పేనుతున్నాడు. కొర్లయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అసిరమ్మ పక్కన కూర్చుని అతని నడుముకి నూనె రాస్తోంది.

"సెయ్యి పడ్డాదా?" అన్నాడు దానయ్య.

"పడ్డాది."

"ఎలాగున్నాది?"

కొర్లయ్య ఆలోచించాడు.

"వణుకుతున్నాది గురువా."

దానయ్య తల ఊపాడు. పేనిన తాడుని మోకాలి మీద లాగి చూశాడు, గట్టిగానే ఉంది.

"అయితే ఇంక కుట్టించీ అంగీ. సలికాలం వొస్తన్నాది."

అసిరమ్మ సూది కోసం లేవలేదు. కొర్లయ్య అంగీ విప్పలేదు.